కంప్యూటరు ప్రోగ్రాములలో నామపరిమితి: మూడు ఊళ్ళ పేర్లతో ఒక పరిశీలన

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి అను మూడు పట్టణములును చిరకాలము కోలారు జిల్లాలో నుండి, 2007వ సంవత్సరమున ఏర్పడిన చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరినవి. తెలుగు, కన్నడము రెండును ఇరుగుపొరుగు ఇండ్లలో వినవచ్చు సీమ యిది. చింతామణికి చేరువనున్న కైవారమున వెలసిన నారేయణ యతీంద్రులు, జనులు తాతయ్యగారని పిలుచుకొను మహనీయులు, ఈ రెండు భాషలందును కీర్తనలు రచించిరి. పలుకు తెలుగు, లిపి కన్నడము, కచేరి కాగితముపై ఇంగ్లీషు అక్షరములు – ఇట్లు ఒకే పేరు మూడు వేషములు ధరించుట ఈ ప్రాంతమువారికి క్రొత్త కాదు. కంప్యూటరు వచ్చిన పిమ్మట నాలుగవ చిక్కొకటి చేరినది. అది పేరును చదువుటకు ముందు కొలుచును. కొలతకు మించినచో త్రోసివేయును. లేదా చెప్పకుండ తోక కోసివేయును.

ఈ కొలత ఎచ్చట పుట్టినది, ఎట్లు పెరిగినది, పాత ప్రోగ్రాములను క్రొత్త భాషలలోనికి మార్చునప్పుడు దానివలన కలుగు ప్రమాదము లెట్టివి అను విషయము ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది. ఉదాహరణములకు ఈ సీమలోని ఊళ్ళ పేర్లే చాలును.

ప్రోగ్రాము వ్రాయువారు ఒక సంఖ్యనుగాని మాటనుగాని యంత్రపు స్మృతిలో నిలుపదలచినప్పుడు, ఆ స్థానమున కొక పేరు పెట్టుదురు. దీనిని చలరాశి యందురు. కొట్టుగదిలో వరుసగా నున్న కుండలపై చీటీ లంటించి, ఇది రాగులు, ఇది కందులు అని వ్రాసికొనుట వంటిదే యిది. కుండలోని వస్తువు మారవచ్చును, చీటీ మారదు. అయితే చీటీ వెడల్పు ఎంతయో దానిపై అన్ని అక్షరములే పట్టును. తొలినాటి యంత్రములలో ఆ చీటీ మిక్కిలి చిన్నది.

1957వ సంవత్సరమున జాన్ బాకస్ నాయకత్వమున ఐ.బి.ఎం. సంస్థవారు తమ 704వ నమూనా యంత్రమునకై ఫోర్ట్రాన్ అను భాషను వెలువరించిరి. అందు చలరాశి నామమునకు ఆరక్షరముల పరిమితి. ఆరే యేల? ఎనిమిదిగాని పదిగాని యేల కాలేదు? ఆ యంత్రపు స్మృతిలో ఒక్కొక్క గదికి 36 బిట్లు పట్టును. ఒక్కొక్క రోమను అక్షరమునకు 6 బిట్లు కావలెను. ఆరారుల ముప్పదియారు. కావున ఆరక్షరముల పేరు సరిగా ఒక గదిలో ఇమిడిపోవును. రెండు పేర్లు ఒకటియేనా, వేరా అని తెలిసికొనుటకు రెండు గదులను ఒక్కసారి పోల్చిన చాలును. ఏడవ యక్షరము వచ్చినచో రెండవ గది కావలెను, రెండవ పోలిక కావలెను. స్మృతి మిక్కిలి ఖరీదైన ఆ దినములలో అది దుబారా. కనుక ఆరు అను సంఖ్య భాషాపండితులు విచారించి చేసిన నిర్ణయము కాదు; అది ఇనుపపెట్టె కొలత.

ఆశ్చర్య మేమనగా, యంత్రము పోయినను కొలత పోలేదు. 1966, 1977 సంవత్సరముల ఫోర్ట్రాన్ ప్రమాణములు రెండును ఆ యారక్షరములనే నిలిపినవి. ఫోర్ట్రాన్ 90 ప్రమాణము వచ్చువరకు 31 అక్షరముల పేరునకు అధికారికముగా అనుమతి లేదు. 2003వ సంవత్సరపు ప్రమాణము దానిని 63కు పెంచినది. సరళ బీజగణితపు లెక్కలకు ప్రపంచమంతట వాడబడుచున్న లాపాక్ సంపుటములోని ఉపప్రోగ్రాముల పేర్లలో పెక్కు నేటికిని ఆరక్షరములకు లోబడియే యున్నవి.

వర్తకపు పనులకు, కచేరీ పనులకు 1959, 1960 సంవత్సరములలో రూపొందిన కోబాల్ భాష వేరు దారి త్రొక్కినది. గ్రేస్ హాపర్ అను విదుషీమణి అంతకుముందు రూపొందించిన భాష దీనికి మార్గదర్శకమైనది. ఇంగ్లీషు తెలిసిన గుమాస్తా చదివిన అర్థము కావలెనని ఉద్దేశము గనుక పేరునకు 30 అక్షరములు ఇచ్చిరి, పదములనడుమ అడ్డగీతను అనుమతించిరి. శాస్త్రజ్ఞునికి ఎక్స్, వై అని వ్రాసికొన్నను జరుగును. జీతముల పట్టిక వ్రాయువానికి మూలవేతన మేదో, కోత యేదో స్పష్టముగా తెలియవలెను. ఈ తేడావలన కోబాల్ ప్రోగ్రాములు క్రొత్త భాషలకు మారునప్పుడు పేర్ల నిడివి పెద్ద చిక్కు కాలేదు. చిక్కంతయు ఫోర్ట్రాన్, బేసిక్, సీ భాషల సంతతిలో కలదు.

రోమను లిపిలో చిక్కబళ్ళాపురమునకు 14 అక్షరములు, చింతామణికి 10, బాగేపల్లికి 9. వీనిని ఆరింటికి కోసినచో మొదటిది 'చిక్క' యగును, రెండవది 'చింత' యగును, మూడవది 'బాగెప' యను అర్థములేని ముక్క యగును. కోరిన వరము లిచ్చు మణి కాస్త చింతగా మిగులుట చూచి పాఠకులు నవ్వుకొనవచ్చును. కాని 'చిక్క' సంగతి నవ్వుతో తీరునది కాదు. చిక్క యనగా కన్నడమున చిన్నది యని యర్థము. దొడ్డబళ్ళాపురమునకు ప్రతిగా వచ్చిన పేరు. ఈ సీమలో చిక్క, దొడ్డ అను విశేషణములతో మొదలగు గ్రామములు కొల్లలు. 'చిక్క' యని మాత్రమే మిగిలినచో అది ఏ చిక్కయో చెప్పగలవా రుండరు.

ఇచ్చట తెలుగు పేర్ల స్వభావ మొకటి గమనింపదగినది. తెలుగువారి యింట ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. యంత్రము కోయునది తోకను. ఇంగ్లీషువారి పేరులో సొంతపేరు ముందుండును గనుక తోక తెగినను మనిషి మిగులును. తెలుగువాని పేరులో తోక తెగినచో మనిషియే పోయి ఇల్లు మిగులును. చిక్కబళ్ళాపురమునకు సమీపమున ముద్దేనహళ్ళిలో జన్మించి, 1955లో భారతరత్న బిరుదము నందిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు దీనికి మంచి దృష్టాంతము. వారి పూర్వులు నేటి ఆంధ్రప్రదేశములోని మోక్షగుండమునకు చెందినవారు. వారి పూర్తి పేరును రోమను లిపిలో వ్రాసి ఆరక్షరములకు కోసినచో 'మోక్ష' మిగులును, విశ్వేశ్వరయ్యగారు మాయమగుదురు, ఆ యింటివారందరును కలసి ఒకే చలరాశి యగుదురు.

జనవ్యవహారము దీనికి వేరొక ఉపాయము కనుగొన్నది. ఇంటిపేరును ఒక్క యక్షరమునకు కుదించి 'సర్ ఎం.వి.' యని పిలిచినది. తోక కోయుటకంటె ఈ కుదింపు తెలివైనదనుటకు సందేహము లేదు. కాని 'ఎం' అనగా మోక్షగుండమని తెలిసినవా రున్నంతవరకే దాని విలువ. ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావుగారి పేరులోని మొదటి యక్షరము చింతామణిని సూచించునని, ఆ ఊరివారిలో నైనను ఎందరికి తెలిసియుండును? వారి పూర్తి నామము చింతామణి నాగేశ రామచంద్రరావు. కర్ణాటకమున పేరునకు ముందుండు పొడియక్షరము ఒకచోట ఊరిని, ఒకచోట తండ్రిని, తెలుగువారి యింట ఇంటిపేరును సూచించును. అక్షర మొకటే, అర్థములు మూడు. హాజరుపట్టీలో ఒకే పొడియక్షరము, ఒకే పేరు గల పిల్ల లిద్దరు వచ్చినచో ఉపాధ్యాయుడు ప్రక్కన తండ్రిపేరో ఊరిపేరో వ్రాసికొని సర్దుకొనును. యంత్రమునకు అట్టి యుక్తి దానంతట తోచదు.

బేసిక్ భాష కథ మరింత విచిత్రము. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో ఈ భాష పుట్టినప్పుడు సంఖ్యకు పెట్టు పేరు ఒక్క యక్షరము మాత్రమే. కావలసినచో దాని వెనుక ఒక అంకె. 1970 తరువాత చిన్న యంత్రములు ఇండ్లకును బడులకును వచ్చినప్పుడు, ఆపిల్, కమొడోర్ యంత్రములలో నుండిన మైక్రోసాఫ్టు వారి బేసిక్ కొంత ఉదారమైనది. పేరు ఎంత పొడవైనను వ్రాసికొనుడు అన్నది. కాని మొదటి రెండక్షరములు తప్ప మిగిలినవానిని గణింపలేదు! వ్రాసినవాని కంటికి పూర్తి పేరు కనబడుచుండును. యంత్రపు దృష్టిలో రెండే యక్షరములు.

చిక్కబళ్ళాపురమునకు 10 అను విలువ నిచ్చి, బాగేపల్లి ప్రాంతమునందలి చేళూరునకు 7 అను విలువ నిచ్చి, రెంటిని కూడుమన్నా మనుకొందము. 17 రావలెను. ఆ బేసిక్‌లో 14 వచ్చును. రోమను లిపిలో రెండు పేర్లకును మొదటి రెండక్షరములు సి, హెచ్. రెండును ఒకే కుండ. పది పోసిన కుండనే ఖాళీ చేసి ఏడు పోసినట్లయినది. ఏడును ఏడును కూడి పదునాలుగు. యంత్రము తప్పని చెప్పలేదు, ఆగలేదు, సంకోచింపలేదు. చింతామణి పేరుతో ప్రయత్నించినచో ఇంకొక వింత: రోమను లిపిలో ఆ పేరు నడుమ ఐ, ఎన్, టి అను మూడక్షరములు వరుసగా వచ్చును. అవి ఆ భాషలో పూర్ణాంకమును గ్రహించు ఆజ్ఞకు పేరు. కావున యంత్రము పేరును నడుమ చీల్చి, అర్థముకాక వ్యాకరణదోషమని నిలిచిపోవును. నిజమునకు ఇదియే మేలు. దోషమని చెప్పి నిలిచిపోయినచో మనిషి దిద్దుకొనును. చెప్పక పదునాలు గిచ్చినదే ప్రమాదము.

ఇట్టి ప్రోగ్రామును తెచ్చి, ఐ.బి.ఎం. చిన్న యంత్రములలోని జీ.డబ్ల్యు. బేసిక్‌లో పెట్టినప్పుడు ఏమగును? అందు 40 అక్షరములవరకు గణనకు వచ్చును. చేళూరు, చిక్కబళ్ళాపురము ఇప్పుడు వేరువేరు కుండలైనవి, 17 వచ్చును. బాగే, పాత తప్పు తీరినదని సంతోషింపవచ్చును. కాని పాత ప్రోగ్రాము వ్రాసినవాడు ఒకచోట 'చిక్కబళ్ళాపురము' అని పూర్తిగా వ్రాసి, వేరొకచోట తొందరలో 'చిక్క' యని వ్రాసి యుండవచ్చును. పాత యంత్రములో రెండును ఒకటే గనుక లెక్క సరిగా నడచినది. ఆతడు గమనింపనే లేదు. క్రొత్త యంత్రములో 'చిక్క' యను క్రొత్త కుండ పుట్టును. అందులో ఏమియు లేదు, సున్న. పది సంవత్సరములు సరిగా నడచిన లెక్క ఆనాటినుండి తప్పును. అందుచేత పొట్టి పేర్లనుండి పొడుగు పేర్లకు పోవుట నిరపాయమను భావము సరికాదు. ఇరుకు ఇంటినుండి విశాలమైన యింటికి మారినప్పుడు ఒకే గదిలో పడియుండిన సామాను నాలుగు గదులపాలై వెదకిన దొరకని స్థితి యిది.

సీ భాష 1978లో పుస్తకరూపమున వెలువడినప్పుడు పేరులో మొదటి 8 అక్షరములు గణనకు వచ్చుచుండెను. 1989వ సంవత్సరపు ప్రమాణము ఒక ప్రోగ్రాములోపలి పేర్లకు 31 అక్షరములను, ఒక దస్త్రమునుండి మరియొక దస్త్రమునకు కనబడు పేర్లకు 6 అక్షరములను మాత్రము హామీ ఇచ్చినది. భాష క్రొత్తదైనను, ముక్కలను జోడించు పాత సాధనములు ఆరింటికి మించి చదువలేకుండుటయే దీనికి కారణము. ఇది పాత ఐ.బి.ఎం. కొలతకు బంధువు. 1999లో ఈ సంఖ్యలు 63కును 31కిని పెరిగినవి. 'చిక్కబళ్ళాపురము వాన' అనియు 'చిక్కబళ్ళాపురము చెరువు' అనియు రెండు పేర్లున్నవనుకొందము. తేడా పదునాలుగవ యక్షరము దాటిన తరువాత గాని లేదు. ఆరింట గాని ఎనిమిదింట గాని కోసినచో వానయు చెరువును ఒకటే. వాన కురియక చెరువు నిండని ఈ సీమలో ఆ రెంటిని కలిపివేయుట లెక్క కుదిరినట్లే యుండును గాని, కుదరదు.

ఫోర్ట్రాన్‌లో ఇంకొక కట్టు కూడ కలదు. పేరు యొక్క మొదటి యక్షరము ఐ మొదలు ఎన్ వరకు ఏదైనను అయినచో, వేరుగా చెప్పనంతవరకు, ఆ చలరాశి పూర్ణాంకమునే పట్టును. కోలారు అని పేరు పెట్టినచో మొదటి యక్షరము కె గనుక ఏడున్నర వేసినను ఏడే నిలుచును. చింత, చిక్క, బాగెప అను పేర్లకు ఈ నిర్బంధము లేదు. ఏడున్నర ఏడున్నరగానే యుండును. జిల్లా మారినది గదా యని ప్రోగ్రాములో కోలారును తీసి చిక్క యని వ్రాసినవాడు పేరొక్కటే మార్చితి ననుకొనును. నిజమునకు రాశి జాతినే మార్చినాడు. పేరు మార్చుట కేవలము నకలు వ్రాయుపని కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఈ ప్రాంతపువారు కన్నులార చూచిన మార్పిడి యొకటి దీనికి పోలికగా చెప్పవచ్చును. చిక్కబళ్ళాపురమునుండి చింతామణి మీదుగా కోలారునకు పూర్వము రెండడుగుల ఆరంగుళముల చిన్న రైలుమార్గ ముండెను. దానిని ఐదడుగుల ఆరంగుళముల పెద్దమార్గముగా మార్చి 2013లో బండ్లు నడిపిరి. పట్టాల ఎడము పెంచినంతమాత్రమున పని తీరదు. వంతెనలు, మలుపులు, స్టేషను అరుగులు అన్నియు ఆ వెడల్పునుబట్టి కట్టబడినవి. పాత పెట్టెలు క్రొత్త పట్టాలపై నిలువవు. నామపరిమితియు అట్టిదే. పేరునుబట్టి తెరపై అచ్చగు గడి వెడల్పు, పట్టికలోని నిలువు వరుస, పేరును వేరొక ప్రోగ్రామునకు అందించు దస్త్రపు కొలత – ఇవన్నియు పాత నిడివిని నమ్ముకొని యుండును. సంవత్సరమును రెండంకెలలో దాచిన పొదుపు 2000వ సంవత్సరము సమీపించినప్పుడు ఎంతటి కలవరము కలిగించినదో, దానిని దిద్దు పనికై ఎందరు తెలుగు యువకులు అమెరికా వెళ్ళిరో పాఠకులకు తెలియనిది కాదు. నామపరిమితి ఆ కుటుంబములోని చిన్న తోబుట్టువు. తేదీ నిర్ణయమై రాదు గనుక దానిని గూర్చి పత్రికలు వ్రాయలేదు.

అనుభవజ్ఞులు ఈ పనిని చేయు క్రమము తెలిసికొనదగినది. మొట్టమొదట పాత యంత్రము పేరులో ఎన్ని యక్షరములను నిజముగా గణించుచుండెనో తేల్చుకొందురు. పుస్తకమున వ్రాసినది నమ్మక, రెండు పొడుగు పేర్లతో చిన్న ప్రోగ్రాము వ్రాసి పరీక్షింతురు. పిమ్మట ప్రోగ్రాములోని పేర్లన్నిటిని పట్టికగా వ్రాసి, ఒక్కొక్కదానిని ఆ పాత కొలతకు కోసి, కోసిన ముక్కలను అకారాది క్రమమున పేర్చుదురు. ఒకే ముక్కకు రెండు పూర్తి పేర్లు తగిలినచోట ఆగి ఆలోచింపవలెను. ఈ రెంటిని వ్రాసినవాడు ఒకటిగా నుద్దేశించెనా, లేక రెండుగా నుద్దేశించి యంత్రముచే మోసపోయెనా? ఈ ప్రశ్నకు యంత్రము ఉత్తరము చెప్పజాలదు. వర్షపాతమని యొకచోట, వర్షమని యొకచోట వ్రాసినది ఒకటియా రెండా అని చెప్పుటకు వర్షపాతపు లెక్క తెలిసినవాడు కావలెను. ఇది కచేరీలలో తరచుగా విస్మరింపబడు విషయము: ఈ పని యువకుడైన ప్రోగ్రామరుకంటె, ఆ లెక్కలను ముప్పది యేండ్లు చూచిన గుమాస్తా చక్కగా చేయగలడు. ఆతడు ఉద్యోగము విరమింపకముందే అడుగుట మేలు.

తీర్పు కుదిరిన తరువాత కూడ తొందరపడరాదు. పాత భాషలో నుండగనే పేర్లను సరిచేసి, ఫలితము మారలేదని చూచుకొని, అటుపిమ్మటనే క్రొత్త భాషకు మార్పవలెను. భాషను మార్చుటయు పేర్లను మార్చుటయు ఒక్కనాడే చేసినవాడు, తప్పు వచ్చినప్పుడు అది దేనివలన వచ్చినదో తెలియక బాధపడును. ఫోర్ట్రాన్ 90లో ప్రమాణముగా చేరిన ఒక ఆజ్ఞ ఇచ్చట మిక్కిలి ఉపకరించును: ముందు ప్రకటింపని పేరును అంగీకరింపవలదని యంత్రమునకు చెప్పుట. అప్పుడు 'చిక్క' వంటి దిక్కులేని పేరు కనబడగనే యంత్రము పట్టియిచ్చును. ఇక పొట్టి పేర్లను విప్పి పొడుగు చేయు పని కడపటిది. పాత పేరొక వరుసలోను, క్రొత్త పేరొక వరుసలోను గల చిట్టా ఒకటి ఉంచుకొనక ఆ పనికి దిగరాదు.

పొడుగు పేర్లనుండి పొట్టి పేర్లకు పోవలసిన సందర్భములును లేకపోలేదు. ఒరాకిల్ వారి దత్తాంశభాండారమున పట్టికల పేర్లకు చాలకాలము 30 బైట్ల పరిమితి యుండెను; 12.2వ సంచికలో, అనగా 2017 ప్రాంతమున, అది 128 బైట్లకు పెరిగినది. పోస్ట్‌గ్రెస్ అను ఉచిత భాండారమున 63 బైట్లు. ఖర్చు తగ్గించుటకు ఒరాకిల్‌నుండి పోస్ట్‌గ్రెస్‌కు మారువారు 128 నుండి 63కు దిగుచున్నారన్నమాట. మొదటిది కొలత మించిన పేరును దోషమని త్రిప్పి పంపును. రెండవది ఒక చిన్న గమనిక వ్రాసి తోక కోసివేయును. గమనికలు చదువువారు అరుదు గనుక మొదటి పద్ధతియే మర్యాద.

ఇచ్చట బైటు అను మాట వచ్చినది గనుక లిపి సంగతి చెప్పక తప్పదు. రోమను లిపిలో ఒక యక్షరము ఒక బైటు. 1991వ సంవత్సరపు భారతీయ ప్రమాణమైన ఇస్కీ పద్ధతిలో తెలుగు వర్ణములకును ఒక్కొక్క బైటే. యూనికోడు పద్ధతిలో తెలుగునకు 128 స్థానములు, దాని వెంటనే కన్నడమునకు 128 స్థానములు కేటాయింపబడినవి. రెండును ఇస్కీ వరుసను అనుసరించినవి గనుక, తెలుగు 'క' స్థానమునకు 128 కూడినచో కన్నడ 'క' వచ్చును. భూమిపై నున్నట్లే అచ్చటను ఇరుగుపొరుగు. అయితే నేడు ఎల్లెడల వాడుకలోనున్న యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఈ రెండు లిపులకును ఒక్కొక్క సంకేతమునకు మూడేసి బైట్లు పట్టును.

'చిక్కబళ్ళాపురం' అను మాటలో చదువరికి అక్షరము లారు: చి, క్క, బ, ళ్ళా, పు, రం. యంత్రమునకు అవి 14 సంకేతములు; గుణింతపు గుర్తు వేరు, పొల్లు వేరు, సున్న వేరు. బైట్లలో 42. 'బాగేపల్లి'కి నాలు గక్షరములు, 9 సంకేతములు, 27 బైట్లు. 'చింతామణి'కి నాలు గక్షరములు, 8 సంకేతములు, 24 బైట్లు. పాత ఒరాకిల్ కొలతయైన 30 బైట్లలో చింతామణియు బాగేపల్లియు ప్రవేశించును. జిల్లాకు ముఖ్యపట్టణమైన చిక్కబళ్ళాపురమునకు ప్రవేశము లేదు. అదే పేరు రోమను లిపిలో 14 బైట్లతో సుఖముగా లోనికి పోవును. కొలత అందరికి ఒకటేయని చెప్పబడినను, బైటులో కొలిచినప్పుడు తెలుగువానికిని కన్నడమువానికిని మూడవవంతు చోటే దక్కినది.

కోత ఎచ్చట పడుననునదియు ముఖ్యమే. 'చిక్కబళ్ళాపురం_వర్షపాతం' అను పేరు 67 బైట్లు. పోస్ట్‌గ్రెస్ దానిని 63లో ఇమిడ్చుటకు 'చిక్కబళ్ళాపురం_వర్షపా' యని కోయును. సంకేతము నడుమ కోయకుండుట దాని మర్యాద. కాని అక్షరమునకును సంకేతమునకును గల భేదము దానికి తెలియదు. ఎనిమిది సంకేతములకు కోసినచో 'చిక్కబళ్' అని పొల్లుతో ముగిసిన మొండెము మిగులును. తెలుగు అక్షరమును తెలిసినవాడెవ్వడును ఆ చోట కోయడు. కావున తెలుగు పేర్లను కుదించునప్పుడు సంకేతములను గాక అక్షరములను లెక్కించి, కొలత దాటకముందు వచ్చు నిండు అక్షరమువద్ద ఆగునట్లు ప్రోగ్రాము వ్రాయుట ఉత్తమము.

2008లో వెలువడిన పైథాన్ మూడవ సంచికనుండి చలరాశులకు తెలుగులోనే పేర్లు పెట్టుకొనవచ్చును. నిడివికి పరిమితియు లేదు. తెలుగు బడులలో కంప్యూటరు నేర్పువారికి ఇది శుభవార్తయే. కాని చూపునకు ఒకటిగా నుండి యంత్రమునకు రెండగు పేర్లు ఇచ్చటను కలవు. 'కైవారం' అను పేరులోని ఐత్వమును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును, లేదా ఎత్వమును దాని క్రింది గుర్తును కలిపి రెండు సంకేతములుగా వ్రాయవచ్చును. మొదటి పద్ధతిలో 18 బైట్లు, రెండవ పద్ధతిలో 21. కంటికి భేదము లేదు. పైథాన్ పేర్లను ఏకరూపమునకు తెచ్చి పోల్చును గనుక అచ్చట చిక్కులేదు. ఆ జాగ్రత్తలేని పాత సాధనములలో తాతయ్యగారి ఊరు రెండూళ్ళగును.

ఇంతవరకు చెప్పినది చలరాశుల పేర్లను గూర్చి. పట్టిక గడులలో వ్రాయు మనుష్యుల పేర్లకును ఇదే ధర్మము వర్తించును. అచ్చట నష్టము లెక్కలలో గాక భూములలో కనబడును. కర్ణాటక ప్రభుత్వము 2000వ సంవత్సర ప్రాంతమున 'భూమి' యను పథకముక్రింద సుమారు 67 లక్షల రైతులకు సంబంధించిన సుమారు 2 కోట్ల పహాణీలను కంప్యూటరులోనికి ఎక్కించినది. అప్పటి కోలారు జిల్లాలోని ఈ మూడు తాలూకాల పహాణీలును అందు చేరినవి. తెలుగు ఇంటిపేర్లు కన్నడ లిపిలోనికి మారినవి. ఒక కాగితమున ఇంటిపేరు పూర్తిగాను, మరియొక కార్డులో ఒక్క పొడియక్షరముగాను ఉన్నచో రెండును ఒకే మనిషివని యంత్రము గుర్తింపజాలదు. గుర్తింపజేయుటకు రైతు కచేరీ మెట్లెక్కవలెను. పూర్తి పేరునకు చాలినంత గడి మొదటనే యిచ్చుటకు ఖర్చు లేదు. తరువాత విప్పుటకే ఖర్చు.

ఊళ్ళ విషయమున ఈ చిక్కునకు ఒక మార్గ మేర్పడినది. కేంద్ర పంచాయతిరాజ్ మంత్రిత్వశాఖవారి స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో ప్రతి జిల్లాకును, ప్రతి గ్రామమునకును ఒక సంకేతసంఖ్య కలదు. పేరు ఎట్లు వ్రాసినను సంఖ్య మారదు. పాత ప్రోగ్రాములను మార్చువారు ఊరిపేరును ఆధారముగా నుంచుకొనుటకంటె ఈ సంఖ్యను ఆధారముగా నుంచుకొనుట మేలు. దీని యుపయోగము త్వరలోనే తెలియవచ్చినది. 2025 జూలై 2వ తేదీన నందికొండపై జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశమున బాగేపల్లి పేరును భాగ్యనగరముగా మార్చుటకు నిర్ణయము గైకొనబడినది. కొలతకు దీనివలన బాధ లేదు: 'భాగ్యనగరం' అను మాటకును 'బాగేపల్లి' వలెనే 9 సంకేతములు, 27 బైట్లు. బాధ వేరొకచోట నున్నది. తెలుగువారు హైదరాబాదును భాగ్యనగరమందురు. కొప్పళ జిల్లాలోను భాగ్యనగరమను ఊరు కలదు. చేళూరును చిక్కబళ్ళాపురమును ఒకే కుండలో పడినట్లు, ఈసారి పేరు పూర్తిగా నున్నను మూడూళ్ళు ఒకే పేరున పడును. పాత పహాణీలలో, పాత దస్తావేజులలో, మనుష్యుల పేర్ల ముందుండు పొడియక్షరములలో నున్నది బాగేపల్లియే. 1960 నాటి కాగితమును వెదకువానికి క్రొత్త పేరుతో అది దొరకదు. కావున పట్టికలో సంకేతసంఖ్య కొక గడియు, దాని ప్రక్కన రెండు పేర్లకును గడులును, ఏ పేరు ఏ తేదీనుండి ఏ తేదీవరకు చెల్లినదో తెలుపుటకు మరి రెండు గడులును ఉంచవలసియున్నది.